కారణం లేని బ్రేకు

రోజు 1, మంగళవారం

ఈ ఉదయం కూడా పీతల్ని ఊడ్చడంతోనే నా ఉద్యోగం మొదలైంది. కాకినాడ రేవులో విదేశీ వాహనాల తనిఖీ యార్డు ఇన్‌స్పెక్టర్ అంటే మా ప్రొద్దుటూరులో పెద్ద హోదా అనుకుంటారు. ఇక్కడికొచ్చి నా చేతిలో చీపురు చూస్తే గానీ వాళ్ళ భ్రమ వదలదు. పరీక్ష బాట మీద ఒక్క పీత కనబడితే చాలు, మన ప్రమాణాల ప్రకారం తయారైన బండి ఏదైనా ఆగిపోతుంది. అది పక్కకు తప్పుకునేదాకా కదలదు. పీత పక్కకే నడుస్తుంది, కాదనను, కానీ తన తీరిక చూసుకుని నడుస్తుంది.

పది గంటలకు ఓడలోంచి ఒకే ఒక్క బండి దిగింది. మెకాంగ్ నది సముద్రంలో కలిసే చోట, వియత్నాం పల్లెల్లో తిరిగి తిరిగి అరిగిన బండి. ఆరు లావుపాటి చక్రాలు, పడవకున్నట్టు అడుగు, ముందుభాగాన ఎర్రరంగుతో గీసిన రెండు కళ్ళు. నేల మీద నడుస్తుంది, బురదలో పాకుతుంది, నీళ్ళలో తేలుతుంది. మన పట్టికలో ఇలాంటిదానికి వరసే లేదు. మన బండ్లు బెత్తెడు నీళ్ళు చూస్తే ఆగిపోవాలి. ఆ రూలు వచ్చాక వరదలో బండితో సహా కొట్టుకుపోయినవాళ్ళు లేరు కాబట్టి దాన్ని నేను ఎగతాళి చెయ్యను.

బండిని తెప్పించుకున్నాయన పేరు పెమ్మాడి భార్గవ్. అరవై దాటిన మనిషి, ఊరు మడలంక. సముద్రం ముందుకొచ్చాక కోనసీమ అంచున మిగిలిపోయిన లంకల్లో అదొకటి. ఆయన వెనకే భార్య లాస్య గారు, బొద్దుగా, నవ్వుమొహంతో, చేతిసంచీ గుండెకు హత్తుకుని వచ్చారు.

"మా కోడలొచ్చేసిందండి మేడం గారూ" అన్నారు భార్గవ్ గారు, బండి చుట్టూ తిరుగుతూ.

"కోడలా?"

"ఆయ్. పరాయిదేశం పిల్లండి. మన భాష రాదు, మన పద్ధతులు తెలీవు. మెల్లిగా అన్నీ నేర్చేసుకుంటాదండి."

"నేర్చుకోకపోతే?" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన నవ్వేశారు కానీ ఆవిడ నవ్వలేదు. నిబంధన ఇద్దరికీ చదివి వినిపించాను. యార్డులో దిగిన బండికి ఇరవై ఒక్క రోజుల గడువు. ఈలోగా ప్రమాణాలన్నీ దాటితే ముద్ర వేసి పంపిస్తాం. దాటకపోతే అటు గోడ పక్కనున్న నలగ్గొట్టే యంత్రంలోకి పోతుంది. తిరిగి వాళ్ళ దేశానికి పంపే ఓడ లేదు.

రోజు 3, గురువారం

ఎనిమిది ప్రమాణాలు దాటింది. దీపాలు, తలుపులు, సీటు పట్టీలు, నిప్పు, అన్నీ సరే. చివరిదైన తొమ్మిదో దాని దగ్గర బోర్లాపడింది.

తొమ్మిదో ప్రమాణం చిన్న వాక్యం: కారణం లేకుండా బండి హఠాత్తుగా ఆగకూడదు. అలా ఆగితే వెనకవాడొచ్చి గుద్దుతాడు. ఇప్పటి బండ్లు మాట విని నడిచేవి కాబట్టి, వాడబోయే మనుషులే లోపల కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పుకోవాలి. బండి బాట చుట్టూ అరగంట తిరగాలి. ఇంతకంటే సుఖమైన పరీక్ష ఉండదని అందరికీ చెబుతుంటాను.

దంపతులు ముందు కూర్చున్నారు. నేను పుస్తకం పట్టుకుని వెనక కూర్చున్నాను.

"బయల్దేరదామా అమ్మా?"

"ఆయ్" అన్నారు లాస్య గారు.

బండి రెండు గజాలు కదిలి ఠక్కున ఆగింది. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది.

"అయ్యో, దెబ్బ తగిలిందాండి?"

"ఏం లేదమ్మా. పట్టీ సరిగ్గా పెట్టుకున్నారు కదా?"

"ఆయ్, పెట్టుకున్నానండి."

మళ్ళీ ఆగింది. ఈసారి భార్గవ్ గారు బండి ముందు పలక మీద బుజ్జగింపుగా తట్టి, "ఏటే కోడలా, భయమేస్తందా?" అని, నా వైపు తిరిగి "కొత్త కదండి, ఆయ్" అన్నారు. ఆగింది.

అరగంటలో నలభై ఒక్కసార్లు. నా ఉద్యోగంలో ఇన్ని గీతలు ఒకే పేజీలో ఎప్పుడూ గీయలేదు.

మా మెకానిక్ పేరు ఖాజా. ఈ పేరు పెట్టుకుని కాకినాడలో బతకడమంత కష్టం ఇంకోటి లేదంటాడు, ఎదురైన ప్రతివాడూ కొరికి చూస్తానంటాడట. ఖాజా సాయంత్రం దాకా ఆ బండి తాలూకు పుస్తకాన్ని తర్జుమా యంత్రంలో పెట్టి చదివాడు. చదివి, నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం కత ఖాజా, చెప్పి నవ్వచ్చు గదా."

"నొప్పి పుడితే మనం అబ్బా అంటామా మేడం, ఆళ్ళు ఆయ్ అంటారంట. తలుపులో పిల్లల వేళ్ళు పడతాయని, చక్రం కింద ఎవరి కాలైనా పడుద్దని, ఆ కేక వినపడితే ఉన్నపళంగా ఆగిపోయేలాగ చేసేరంటండి."

గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే అవును. ఆయ్ అంటే అలాగే. విన్నానండి, తమరు చెప్పాక తిరుగేముంది, మీ దయవల్ల బాగున్నాం, ఇవన్నీ కూడా ఆయ్. ప్రపంచం మొత్తంలో వెతికి వెతికి ఈ బండిని కోనసీమకు తెచ్చుకున్నారు మహానుభావులు.

రోజు 5, శనివారం

గడువు లోపల ప్రతి సాయంత్రం సాధన పరుగు తిప్పుకోవచ్చు. అందుకని ఇవాళ బండికి బదులు మనుషులకు శిక్షణ పెట్టాను.

"ఆయ్ అనొద్దు. అవునండి అనండి."

"అవునండి అనాలాండి?" అన్నారు లాస్య గారు.

"అంతే."

"ఆయ్, అలాగేనండి."

బండి ఆగింది. ఆవిడ నాలిక కరుచుకున్నారు. భార్గవ్ గారు ఇలా లాభం లేదని నోటి నిండా వక్కపొడి పోసుకుని కూర్చున్నారు. పావుగంట చక్కగా తిరిగింది. అప్పుడు ఖాజా బాట పక్కనుంచి "బావుందాండి?" అని అరిచాడు. ఆయన వక్కపొడి నిండిన నోటితోనే "ఆయ్!" అన్నారు. ఒళ్ళంతా వక్కపొడి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వీళ్ళ ఆయ్ అప్పుడైనా పోతుందని నాకు నమ్మకం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని కూడా అంటారు కదా, వీళ్ళ నోరు మరీ మంచిదవడమే వచ్చిన చిక్కు. నవ్వీ నవ్వీ నా పక్కటెముకలు నొప్పి పుట్టాయి. ఇంటికొచ్చాక మాత్రం పదహారు రోజులే మిగిలాయని గుర్తొచ్చింది.

రోజు 8, మంగళవారం

ఆ వినికిడిని తీసెయ్యడం కుదరదని ఖాజా తేల్చాడు. కేక వినే తీగ, బ్రేకు తీగ ఒకటే. దాన్ని కోస్తే బ్రేకు కూడా పోతుంది. అయితే ఒక ఆశ చెప్పాడు. బండి తనలో రోజూ తిరిగే మనుషుల గొంతులు నేర్చుకుంటుందట. ఏది ఉత్తమాటో, ఏది నిజమైన నొప్పో వింటూ వింటూ వేరు చేసుకుంటుందట. ఎన్నాళ్ళు పడుతుందో పుస్తకంలో లేదు.

భార్గవ్ గారు టీ తేవడానికి గేటు దాకా వెళ్ళినప్పుడు లాస్య గారిని అడిగాను, ఇంత అవస్థ ఎందుకమ్మా, ప్రమాణమున్న బండి ఏదైనా కొనుక్కోవచ్చు గదా అని.

"మా లంకకి ఏ బండి వత్తాదమ్మా? పోటప్పుడు నీళ్ళు, మీ బండ్లు రావు. ఆటుకి నీళ్ళు తీసేత్తే బురద, పడవ కదలదు. నాకేమో సోమ, బుధ, శుక్ర, వారానికి మూడు సార్లు రక్తం కడిగించుకోవాల. మూడేళ్ళయ్యింది ఈ ఊరొచ్చి. ఆస్పత్రి ఎనక గదిలో ఉంటన్నాం."

కొత్త మూత్రపిండం పెంచి ఇచ్చేచోట ఆవిడ వరస సంఖ్య నాలుగు వేల పైన ఉందట. మూడేళ్ళలో ఆవిడ మడలంకలో నిద్రపోయింది ఆరు రాత్రులు. లెక్క తడుముకోకుండా చెప్పారు. అక్కడ ఆవిడకు తొమ్మిది బాతులున్నాయి, తోడికోడలు చూస్తోంది. ఇల్లు వదిలి వచ్చినప్పుడు పెరట్లో నాటిన కరివేపాకు ఇప్పుడు కప్పు దాటిందని ఫొటో చూపించారు. ఈ బండి కోసం భార్గవ్ గారు తన వేటపడవను ఇచ్చేశారు.

"బండి గట్టెక్కకపోతే ఏం చేస్తారు?" అన్నాను. అడగకూడని ప్రశ్నే.

"మా ఇంటికెళ్ళిపోతానమ్మా. ఇంక తిరిగి రాను. ఆయనకింకా చెప్పలేదు." గేటు వైపు చూశారు. "మందేసుకున్నా ఎయ్యకపోయినా ఒకరోజు పోయేదే కదా. ఆ పోయేదేదో మా ఇంట్లో మా మంచం మీద పోతాను. ఇది అలక కాదమ్మా, బాగా ఆలోచించుకునే అంటన్నాను."

భార్గవ్ గారు మూడు టీలు తెచ్చారు. ఆవిడ నీళ్ళు కొలిచి తాగాలట, రెండు గుక్కలు తాగి మిగతాది ఆయన గ్లాసులో పోశారు. ఆయన అడక్కుండానే గ్లాసు ముందుకు చాపారు.

రోజు 13, ఆదివారం

సున్నా! మొదటిసారి సున్నా. బండి అరగంట ఆగకుండా తిరిగింది. లోపల కనీసం ముప్పై ఆయ్‌లు పలికాయి, నేనే కావాలని పలికించాను.

మూడు రోజుల నుంచే మార్పు కనిపిస్తోంది. ముందు భార్గవ్ గారి గొంతుకు ఆగడం మానేసింది. ఆయన ఆయ్ అంటే ఇప్పుడు బండి అదిరి, మళ్ళీ సర్దుకుని పోతుంది. ఎదురు చెప్పబోయి ఊరుకున్న కోడలి మాదిరి ఉంటుంది ఆ అదురు. తర్వాత ఖాజా గొంతు పట్టుబడింది. ఇవాళ లాస్య గారిది కూడా.

"చెప్పేనా అండి మేడం గారూ! అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, అత్తుండి నేర్పబట్టే కదండీ!" అని భార్గవ్ గారు భార్య భుజం మీద చెయ్యేశారు. ఆవిడ సిగ్గుపడి చెయ్యి తీసేశారు.

రేపటితో రెండు వారాలు. ఎల్లుండి నుంచి చివరి వారం, అదే అసలు లెక్క. ఆ ఏడు రోజుల్లో బండి ఆగిన ప్రతిసారికీ కారణం గడిలో కారణం రాయాలి, పక్కన దరఖాస్తుదారు సంతకం చెయ్యాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా బండి పోయినట్టే.

రోజు 16, బుధవారం

తొందరపడి సంబరపడ్డాను. సోమవారం మూడుసార్లు ఆగింది, అది లెక్కలోకి రాదు కాబట్టి బతికాం. నిన్న మంగళవారం అసలు ఆగలేదు కదా అని ధైర్యం తెచ్చుకుంటే, ఇవాళ నాలుగుసార్లు. నాలుగూ లాస్య గారి ఆయ్‌కే. బాట మీద పీత కూడా లేదు. నాలుగు గడులూ ఖాళీగా వదిలాను.

ఖాజా తేమ పట్టిందేమో అంటాడు. కాకినాడలో తేమ పట్టనిది ఏముంది, నా ఉప్పుడబ్బా కూడా నీరు కారుతోంది. వినే పరికరాన్ని విప్పి ఆరబెట్టి మళ్ళీ బిగించాడు.

రోజు 18, శుక్రవారం

నిన్న సున్నా, ఇవాళ మూడు. ఆరబెట్టినా అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి దిగి దాని ఎర్రకళ్ళ ముందు నిలబడి, "ఏం రోగం నీకు? నిన్న విన్న గొంతే గదా!" అని తిట్టాను. ప్రభుత్వ ఉద్యోగిని చెయ్యదగిన పని కాదు. ఖాజా చూడనట్టు నటించాడు.

భార్గవ్ గారి ముఖంలో ఇవాళ నవ్వు లేదు. ఖాజాను పక్కకు పిలిచి అడగడం నా చెవిన పడింది. "యానాంలో ఒకతనున్నాడంట, ఏ తీగైనా కోసేత్తాడంట. ఒకేళ ఇక్కడ గట్టెక్కితే, తరవాతైనా కోయించేత్తే పోలా? నడి ఏట్లో ఆగిపోతే మా ఆవిణ్ణి ఎలా తెచ్చుకోనండి?"

"బ్రేకు పోద్దండి బాబూ" అన్నాడు ఖాజా.

"దేవుడున్నాడండి."

దేవుడు బ్రేకు వెయ్యడని ఆయనతో గట్టిగా చెప్పాను. ఆయన ఆయ్ అన్నారు. కానీ అది ఒప్పుకున్న ఆయ్ కాదు, ఇన్ని రోజుల్లో నాకు ఆ మాత్రం భాష వచ్చింది.

రోజు 19, శనివారం

ఉదయం యార్డులో పని లేదు. బండి దాచుకున్న శబ్దాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆగినప్పుడు పలికిన ఆయ్‌లు ఒక వైపు, ఆగకుండా వదిలేసినవి ఒక వైపు. పదేసి సార్లు విన్నాను. నా చెవికి తేడా తెలియలేదు. విసుగొచ్చి తేదీల ప్రకారం రాసుకున్నాను. సోమ, బుధ, శుక్ర.

ఆ మూడు రోజులూ వాళ్ళు యార్డుకు ఆస్పత్రి నుంచి నేరుగా వస్తారు.

మళ్ళీ విన్నాను. ఈసారి ఆయ్‌ని వదిలేసి, దానికి ముందు భార్గవ్ గారు ఏమన్నారో విన్నాను. "ఏమే, బావున్నావా?" "ఆయ్." "కాళ్ళు గట్రా పట్టలేదు కదా?" "ఆయ్, ఏం లేదండి." "నీరసంగా ఉందేటి?" "ఆయ్, అదేం లేదు, పోనివ్వండి." ఆ మూడు రోజుల్లో అలా అడిగినప్పుడల్లా బండి ఆగింది. సోమవారం మూడూ, లెక్కలోకొచ్చే ఏడూ అంతే. బాతుల గురించి, వాన గురించి మాట్లాడుకున్నప్పుడు ఒక్కసారీ ఆగలేదు.

సాయంత్రం భార్గవ్ గారిని చక్రాలకు గ్రీజు పెట్టే పని మీద ఖాజాతో పంపించి, ఆవిణ్ణి నా గదిలో కూర్చోబెట్టాను.

"అమ్మా, డయాలసిస్ అయ్యాక మీకు నొప్పి ఉంటుందా?"

"అందరికీ ఉంటాదమ్మా."

"ఎంత?"

చాలాసేపు చీర అంచు సవరించుకున్నారు. "పిక్కలు పట్టేత్తాయి. మెలితిప్పి పిండినట్టుంటాది. రెండు మూడు గంటలు. ఒకోసారి కళ్ళు తిరుగుతాయి."

"ఆయనకు తెలీదా?"

"తెలిత్తే ఆయన అన్నం తింటాడామ్మా? మొదట్లో ఒకసారి ఏడిస్తే ఆస్పత్రి మెట్ల మీద కూలబడిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చేడు. ఆ రోజునించి నేను మూలగలేదు. సూది గుచ్చే నర్సు కూడా, ఈవిడకి నొప్పే తెలీదంటాది."

మూడేళ్ళుగా పక్కనున్న మొగుడికి తెలియలేదు, నర్సుకు తెలియలేదు, పదిసార్లు విన్న నాకు తెలియలేదు. భాష రాని బండికి రెండు వారాల్లో తెలిసింది. ఆవిడకు బండి చెడిపోలేదని, సరిగ్గా వింటోందని చెప్పాను. ఏడు గడుల్లో రాయవలసిన కారణం ఒకటే మాట అని కూడా చెప్పాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "రాయకమ్మా, నీకు దణ్ణం పెడతాను. సంతకం ఆయనే కదా పెట్టాల. ఒక్కో అచ్చరం కూడబలుక్కుని చదువుతాడు. పీత అడ్డమొచ్చిందని రాసెయ్యమ్మా. ఇక్కడ పీతలకేం లోటు?"

రోజు 20, ఆదివారం

పీత. రెండక్షరాలు. ఏడు గడుల్లో పద్నాలుగు అక్షరాలు రాస్తే బండి గట్టెక్కుతుంది, ఆవిడ ఇంటికెళుతుంది. ఎవరూ వచ్చి పీతను సాక్ష్యం అడగరు. ఖాజా కూడా రాసెయ్యండి అన్నాడు. కలం తీసి మొదటి గడిలో పెట్టాను కూడా. నేను అబద్ధం రాయలేని ఉత్తమురాలినేం కాదు. ఆవిడ కరివేపాకు ఫొటో నన్ను రెండు రోజులుగా వదలడం లేదు.

కానీ యానాం మనిషి గుర్తొచ్చాడు. పీత అని రాసి పంపిస్తే బండి వారానికి మూడుసార్లు నడి ఏట్లో ఆగుతుంది. ఎందుకాగిందో భార్గవ్ గారికి తెలియదు. నాలుగు వారాలు ఓర్చుకుంటారు, ఐదో వారం తీగ కోయిస్తారు, ఆవిడ మీద ప్రేమతోనే కోయిస్తారు. బ్రేకు లేని బండిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి అలల్లోకి దింపుతారు. ఆ బండి మీద నా ముద్ర ఉంటుంది.

అదొక్కటే కాదు, ఉన్న మాట రాస్తాను. మూడేళ్ళు ఒక మనిషి పక్కనే కూర్చుని ఒక్కతే నొప్పి పడడం నాకు భరించరానిదిగా ఉంది. అది నా పుస్తకంలో ఏ ప్రమాణం కిందికీ రాదు.

ఆవిడకు ఫోన్ చేశాను. "అమ్మా, నేను పీత అని రాయను. నొప్పి అని కూడా నా చేత్తో రాయను. రేపు సాయంత్రం ఆరింటిదాకా గడులు ఖాళీగా ఉంటాయి. అవి ఖాళీగానే ఉంటే బండిని అటు గోడవైపు పంపాల్సింది నేనే. నాకు ఆ పని పెట్టొద్దు."

"ఆయన వత్తన్నాడమ్మా, పెట్టేత్తన్నాను" అన్నారు.

రోజు 21, సోమవారం

నాలుగున్నరకు వచ్చారు. ఆస్పత్రి నుంచి నేరుగానే. ఆవిడ చేతికి కట్టు ఇంకా తడిగా ఉంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఖాజా బాట పక్కన నిలబడ్డాడు. వద్దన్నా వినకుండా ఇవాళ బాటంతా వాడే ఊడ్చాడు.

మొదటి చుట్టు సరిగ్గా తిరిగింది. రెండో చుట్టులో భార్గవ్ గారు, "ఇయ్యాల గట్టెక్కేత్తే రేపు పొద్దున్న మన బాతుల్ని చూసెయ్యచ్చు. ఏమే, బావున్నావా?" అన్నారు.

"ఆయ్."

బండి ఆగింది.

ఆయన మొహం పాలిపోయింది. "పోనీ కోడలా, పోనీ తల్లీ, ఇయ్యాలొక్కరోజు" అని బండిని బతిమాలారు. కాసేపటికి కదిలింది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మూడో చుట్టులో ఆయన భయంభయంగా మళ్ళీ అడిగారు, ఆవిడ మళ్ళీ అదే మాటన్నారు, బండి మళ్ళీ ఆగింది. ఈసారి ఆయన కోపం పట్టలేక ముందు పలక మీద గుద్దారు. "నీకేం అన్యాయం చేసేనే నేను! పడవిచ్చేసి తెచ్చుకున్నాను కదే నిన్ను!"

"దాన్ని కొట్టకండి" అన్నారు లాస్య గారు.

"కొట్టక..."

"దాని తప్పేం లేదండి. నాకు నొప్పిగా ఉంది."

ఆయనకు అర్థం కాలేదు. ఎక్కడ, ఇప్పుడా, సీటు ఒత్తుకుందా అని కంగారుగా వెతికారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని తన పిక్క మీద పెట్టారు. వెనక నుంచి చూస్తున్న నాకు ఆ కాలు అదరడం కనిపించింది.

"ఎప్పటినించే?"

"ఆస్పత్రికొచ్చిన కాడినించీ. మూడేళ్ళు."

"నేను రోజూ అడుగుతానే. బావున్నావా అని అడుగుతానే నేను. ఆయ్ అంటావు కదే."

"మరేమననండి? మీకు ఆ మాటే కావాల్సొచ్చేది."

ఆయన ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. సీటు దిగి, ఆ ఇరుకులో మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ కాళ్ళు రెండూ తన ఒళ్ళోకి తీసుకున్నారు. వల పిండే చేతులవి, ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కుంటున్నాయి. "ఇక్కడా?" "ఇంకొంచెం కిందికండి." "ఇక్కడా?" "ఆఁ. అక్కడ. అబ్బా, మెల్లిగా." మూడేళ్ళలో ఆవిడ నోట అబ్బా అన్న మాట బయటపడడం అదే మొదటిసారి అయ్యుండాలి. ఆవిడ వెక్కివెక్కి ఏడ్చారు. బండి కదల్లేదు, నేనూ కదలమనలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నా ఏడుపు నేను ఏడ్చాను.

ఐదూ యాభైకి పుస్తకం ఆయన ముందు పెట్టాను. తొమ్మిది గడులు. కారణం నేను రాయబోతే ఆయన కలం నా చేతిలోంచి తీసుకున్నారు. దరఖాస్తుదారు రాయకూడదని ఏ నిబంధనా లేదు. ఒక్కో తేదీ వేలితో పట్టుకుని ఆవిణ్ణి అడిగారు.

"బుధవారం, నాలుగు నలభై. ఏ కాలు?"

"ఎడంకాలు."

"నాలుగు నలభై ఆరు?"

"అదే కాలు. వేళ్ళదాకా పాకింది."

అలా తొమ్మిదీ అడిగి, తొమ్మిదీ రాసుకున్నారు. నొప్పి, ఎడమ పిక్క. నొప్పి, ఎడమ పిక్క, వేళ్ళు. నొప్పి, రెండు కాళ్ళూ. ఒకచోట ఆవిడకు గుర్తు రాలేదు. అక్కడ, నొప్పి, నేను సరిగ్గా అడగలేదు, అని రాసి సంతకం పెట్టారు. దాన్ని కొట్టెయ్యమని నేను చెప్పలేదు.

ఆరింటికి మూడు నిమిషాల ముందు ముద్ర వేశాను. తొమ్మిదో ప్రమాణం దాటినది. బండి ఆగిన ప్రతిసారీ కారణం ఉన్నది.

పోటు మొదలయ్యే వేళకి వాళ్ళు బయల్దేరారు. నేనూ ఖాజా రేవు చివర, రోడ్డు నీళ్ళలోకి దిగిపోయేచోట నిలబడ్డాం. ప్రమాణమున్న బండ్లు మూడు అక్కడ వరసగా ఆగి ఉన్నాయి. వాళ్ళ బండి వాటిని దాటి బెత్తెడు నీళ్ళలోకి, మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. చక్రాలు తేలాయి. నలభై గజాలు పోయాక ఆగింది.

"మేడం!" అన్నాడు ఖాజా.

"ఉండు" అన్నాను.

కిటికీలో రెండు తలలు కనబడుతున్నాయి. ఒకటి కిందికి వంగింది. అల వచ్చి బండిని కాస్త ఎత్తి దించింది. నాలుగు నిమిషాలయ్యాక వంగిన తల పైకి లేచింది, బండి మడలంక వైపు సాగింది.